లంఖణం పనికిరాని చోటు: ముక్కు గొట్టం చరిత్ర



ఈ వారం కొంచెం పొడుగైన సంగతి రాస్తున్నాము. ఓపికగా చదవండి. మన గ్రూపులో ఈ మధ్య మూడు ఇళ్లలో ముక్కు గొట్టంతో పడుకున్న పెద్దవాళ్లు ఉన్నారు. ముగ్గురి ఇళ్ల నుంచీ మాకు ఫోను వచ్చింది, అడిగింది మాత్రం ఒకటే: "గొట్టంలో పోస్తే కడుపు పోతూ ఉంది, ఒక పూట ఆపేదా?" ఫోనులో రెండు మాటలు చెప్పి పెట్టేసే సంగతి కాదిది. ఎందుకంటే ఇదే తప్పు మేమూ చేశాము.

పోయిన ఏడాది దీపావళి వానల్లో మన సంఘంలో ఒక పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. భార్య లేదు. పిల్లలు దూరంలో ఉన్నారు, వచ్చి నాలుగు రోజులు ఉండి పోగలరు, అంతే. మేము ఆరుగురం వంతులు వేసుకుని ఆస్పత్రిలో ఉన్నాము. ఆయనకు మాట పోయింది, మింగేదీ పోయింది. ముక్కులో గొట్టం వేశారు. రెండు గంటలకొకసారి ఇంత అని ఆస్పత్రి వంటగది నుంచి పాలపిండి కలిపిన ఆహారం వచ్చేది. మేము సిరంజితో పోసేవాళ్లం.

నాలుగో రోజు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. పూటకు నాలుగుసార్లు దుప్పటి మార్చాలి. మాలో ఒకరు "కడుపు తట్టుకోలేదు" అన్నారు. ఇంకొకరు "లంఖణం పరమౌషధం" అన్నారు. మన ఇళ్లలో చిన్నప్పటి నుంచీ విన్న మాటే కదా. ఆ రాత్రి రెండు పూటలు పోయలేదు. మరునాటి నుంచి పోసినదాన్ని కూడా సగానికి సగం నీళ్లు కలిపి, పలుచటి మజ్జిగలాగా చేసి పోశాము. సిస్టర్ వచ్చి "పోశారా?" అంటే "పోశాము" అన్నాము. ఆమె చార్టులో రాసుకుని పోయింది.

మాలో ముగ్గురం రైల్వేలో గుమాస్తా పని చేసినవాళ్లం. రాని సరుకును వచ్చినట్టు రిజిస్టరులో రాస్తే ఏమవుతుందో మాకంటే ఎవరికి బాగా తెలుసు? అయినా చేశాము. అయిదు రోజులు చేశాము.

ఆరో రోజు ఆహారం సంగతి చూసే డైటీషియన్ అమ్మాయి వచ్చి ఆయన చేయి పట్టుకుని చూసి, చార్టు చూసి, మా ముఖాలు చూసింది. నిజం చెప్పాము. ఆమె కోపపడలేదు. మందుల చీటీ తెప్పించి చదివింది. డాక్టరుతో మాట్లాడి రెండు సిరప్‌లు మార్పించింది, ఆహారం నిండుగా మళ్లీ మొదలుపెట్టించింది. రెండు మూడు రోజుల్లో విరేచనాలు తగ్గాయి. ఆపినందువల్ల తగ్గనిది, పోస్తూ ఉండగా తగ్గింది.

అది మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. అప్పటి నుంచి దొరికింది దొరికినట్టు చదువుతున్నాము. మేము చేసిన తప్పు కొత్తది కాదనీ, పెద్ద పెద్ద డాక్టర్లే చాలా ఏళ్లు దాన్ని చేశారనీ అప్పుడు తెలిసింది. ఆ చరిత్రే ఇది.

మింగలేని మనిషికి ఎట్లా పెట్టాలి అన్న ప్రశ్న చాలా పాతది. పాత ఈజిప్టు, గ్రీకు వైద్యులు నోరు పనికిరాకపోతే మలద్వారం గుండా పాలు, గంజి, సారాయి వంటివి ఎక్కించేవాళ్లు. ముక్కు దారి తర్వాత వచ్చింది. ఇటలీలో ఫాబ్రిషియస్ అనే శస్త్రవైద్యుడు 1617లో ధనుర్వాతం వచ్చిన రోగులకు ముక్కులో వెండి గొట్టం పెట్టి ఆహారం పోశాడు. ధనుర్వాతంలో దవడలు బిగిసిపోతాయి కాబట్టి నోటి దారి మూసుకుపోతుంది. వెండి గొట్టం వంగదు. ఆ రోగి ఎంత బాధపడి ఉంటాడో ఊహించుకోవచ్చు.

1790లో లండన్‌లో జాన్ హంటర్ అనే గొప్ప శస్త్రవైద్యుడి దగ్గరికి మింగే కండరాలు చచ్చుబడిన మనిషి వచ్చాడు. మా పెద్దాయన లాంటి కేసే. హంటర్ తిమింగలం నోట్లో దొరికే వంగే పుల్ల ఒకటి తీసుకుని, దాని మీద పాములాంటి మలుగు చేప చర్మాన్ని తొడుగులాగా వేసి, కడుపులోకి దింపాడు. రెండో కొసకు పశువు మూత్రాశయపు తిత్తి కట్టాడు. అందులో గుడ్డు, చక్కెర, పాలు, ద్రాక్షసారాయి వంటివి కలిపి పిండాడు. ఆ మనిషి కోలుకుని మళ్లీ మింగాడు. ఇక్కడ ఒకటి గమనించండి. హంటర్ మందు ఇచ్చి చచ్చుబడిన కండరాన్ని బాగుచేయలేదు. అది తనంతట తాను కోలుకునేదాకా మనిషి బతికి ఉండేటట్టు తిండి పెట్టాడు. ముక్కు గొట్టం చేసే పని ఇప్పటికీ అదే. అది వైద్యం కోసం కొనిపెట్టే గడువు.

అయినా మలద్వారపు దారిని డాక్టర్లు వెంటనే వదల్లేదు. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డ్‌ను ఒకడు తుపాకీతో కాల్చాడు. అది జరిగింది వాషింగ్టన్‌లో, ఒక రైలు స్టేషనులో. తూటా గాయానికి చీము పట్టింది, తిన్నది కడుపులో నిలవలేదు. ఆగస్టులో డాక్టర్లు నోటి తిండికి తోడుగా గొడ్డుమాంసపు సారం, విస్కీ కలిపి వెనక నుంచి ఎక్కించడం మొదలుపెట్టారు. లోపల నిలవాలని నల్లమందు చుక్కలు కూడా వేశారు. గుడ్డు పచ్చసొన కలిపితే కడుపు ఉబ్బి దుర్వాసన గాలి పోతుందని మానేశారు. అంటే మనం ఇప్పుడు ఆస్పత్రిలో పడే బాధలన్నీ, ఉబ్బరం, నిలవకపోవడం, విరేచనం, ఆ మంచం దగ్గరే ఉన్నాయి. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ పోయాడు. 210 పౌండ్ల మనిషి చివరికి 130 పౌండ్లకు చేరాడని రాశారు. ఆయన్ను చంపింది గాయపు చీమే, కానీ ఒక దేశపు అధ్యక్షుడు అందరు డాక్టర్ల మధ్య ఎండిపోయాడు. పెద్దపేగు చివరి భాగం నీటిని, ఉప్పును పీల్చుకుంటుంది తప్ప మనిషిని పోషించేంత తిండిని పీల్చుకోలేదు. తిండికి కడుపు, చిన్నపేగు కావాలి. ఈ చిన్న సంగతి అందరూ ఒప్పుకునేటప్పటికి ఇరవయ్యో శతాబ్దం వచ్చింది. 1910లో న్యూయార్కులో మాక్స్ ఐన్‌హార్న్ అనే డాక్టరు కొసకు చిన్న లోహపు బరువు కట్టిన సన్న రబ్బరు గొట్టాన్ని చిన్నపేగు మొదటి భాగం దాకా పంపి, అక్కడ తిండి పెట్టొచ్చని చూపించాడు.

అదే కాలంలో గొట్టం జైళ్లలోకి కూడా పోయింది. ఈ భాగం రాయడం కష్టంగానే ఉంది, కానీ రాయకుండా పోతే చరిత్ర సగమే అవుతుంది. ఇంగ్లండులో ఓటు హక్కు కోసం నిరాహారదీక్ష చేసిన ఆడవాళ్లకు 1909 నుంచి బలవంతంగా గొట్టం వేశారు. మన దేశంలో లాహోరు జైలులో జతిన్ దాస్ 1929 జూలై 13న దీక్ష మొదలుపెట్టాడు. మనుషులు పట్టుకుని బలవంతంగా పాలు పోయబోతే ఆయన ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. 63 రోజుల తర్వాత సెప్టెంబరు 13న పోయాడు. ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు. 1933లో అండమాను జైలులో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్రా కూడా ఇట్లా బలవంతంగా పాలు పోసిన తర్వాతే ప్రాణాలు వదిలారు.

ఆస్పత్రి వేరు, జైలు వేరు. ఒకచోట దయ, ఇంకోచోట దౌర్జన్యం. కానీ శరీరానికి ఆ తేడా తెలియదు. కడుపుకు పోవాల్సిన పాలు ఊపిరితిత్తికి పోతే, పోసినవాడు శత్రువైనా కొడుకైనా జరిగేది ఒకటే. సిస్టర్లు ప్రతిసారీ గొట్టం సరైన తావులో ఉందా అని ఎందుకు చూస్తారో, తల కింద ఎత్తు ఎందుకు పెట్టమంటారో మాకు ఈ పేర్లు చదివినప్పుడే బాగా అర్థమయింది.

ఇప్పుడు మన ఆస్పత్రుల్లో అందరి నోటా వినే పేరుకు వద్దాము. "రైల్స్ ట్యూబ్" అంటారు. మొదటిసారి విన్నప్పుడు మేము రైల్వేకు ఏదో సంబంధం అనుకున్నాము. అది కాదు. జాన్ రైల్ అనే ఇంగ్లండు డాక్టరు పేరు అది. లండన్‌లోని గైస్ ఆస్పత్రిలో పని చేస్తూ 1921లో ఆ సన్న గొట్టం గురించి రాశాడు. అదే ఏడాది అమెరికాలో న్యూ ఆర్లియన్స్‌లో అబ్రహాం లెవిన్ తన గొట్టం గురించి రాశాడు. అక్కడ లెవిన్ పేరు నిలిచింది, ఇంగ్లీషువాళ్లు ఏలిన మన దేశంలో రైల్ పేరు నిలిచింది. ఈ రైల్ తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో సామాజిక వైద్యానికి ప్రొఫెసర్ అయ్యాడు. రోగం ఒక్క మనిషి ఒంట్లోనే కాదు, అతని బతుకులో కూడా ఉంటుంది అని చెప్పినవాళ్లలో ఒకడు.

వింత ఏమిటంటే, రైల్ ఆ గొట్టాన్ని తిండి పెట్టేదానికి చేయలేదు. తీసి చూసేదానికి చేశాడు. రోగికి ఓట్స్ గంజి తాగించి, పావుగంటకొకసారి గొట్టం గుండా కొంచెం కొంచెం బయటికి తీసి, కడుపులో ఎంత పులుపు ఊరింది, గంజి ఎంతసేపటికి కిందికి జారిపోయింది అని చూసేవాళ్లు. మనం పోసే ముందు సిస్టర్ సిరంజితో లాగి "ముందు పోసింది ఇంకా ఉందా" అని చూస్తుంది కదా, దానికి తాత ఈ గంజి పరీక్షే అనుకోవచ్చు.

తర్వాత గొట్టం మెత్తబడింది. 1952లో అమెరికాలో డెట్రాయిట్ ఆస్పత్రి డాక్టర్లు ఫాలిస్, బారన్ సన్నని ప్లాస్టిక్ గొట్టాలు వాడారు. మామూలు తిండినే మెత్తగా రుబ్బి, బారన్ చేసిన పంపుతో సన్నధారగా పంపారు. మనం తినేటప్పుడు కూడా కడుపు ఒక్కసారిగా అంతా కిందికి వదలదు, కొంచెం కొంచెంగా వదులుతుంది. గొట్టం కొస కడుపు దాటి చిన్నపేగులో ఉంటే ఆ కావలి ఉండదు. అందుకే అక్కడికి నెమ్మదిగా పంపాల్సిందే. కడుపులోకి సిరంజితో పోసేటప్పుడు కూడా తోసి పోయకూడదు, ఎత్తులో పట్టుకుని దాని బరువుకు దాన్నే దిగనివ్వాలి. మేము ఆఖరి బస్సు అందుకోవాలని రెండు మూడుసార్లు తోసేశాము. అదీ రాసుకుంటున్నాము.

1960ల్లో అంతరిక్షంలోకి పోయేవాళ్ల కోసమని, పేగుకు పెద్దగా పని పెట్టని రసాయన ఆహారాలు చేశారు. అవే తర్వాత ఆస్పత్రికి వచ్చాయి. 1968లో స్టాన్లీ డుడ్రిక్, అతని తోటివాళ్లు పేగు పనికిరాని ఒక పసిబిడ్డను నరంలోకే ఆహారం ఎక్కించి పెంచిన సంగతి ప్రకటించారు. అది నిజంగా గొప్ప పని. పేగే లేనివాళ్లకు అది ప్రాణం. కానీ దాని వెనకే ఒక అలవాటు కూడా వచ్చింది: కడుపు కొంచెం మొరాయిస్తే చాలు, దాన్ని మూసి నరానికి మార్చేయడం. 1989లో మూర్, 1992లో కుడ్‌స్క్ అనే డాక్టర్లు పెద్ద గాయాలైనవాళ్లను రెండు గుంపులుగా చేసి చూశారు. పేగు గుండా తిండి అందినవాళ్లకు చీము, న్యుమోనియా వంటివి తక్కువగా వచ్చాయి. పేగు ఒట్టి తూము కాదు. దాని లోపలి పొర తన తిండిని చాలావరకు లోపల ప్రవహించే ఆహారం నుంచే తీసుకుంటుంది. ఖాళీగా పెడితే ఆ పొర పలచబడుతుంది, రోగక్రిములకు అడ్డు తగ్గుతుంది. వాడని పట్టాలకు తుప్పు పట్టినట్టే.

ఇక మా అసలు తప్పుకు వస్తాము. విరేచనం అయితే ఆహారమే కారణమా?

చాలా ఏళ్లు డాక్టర్లు కూడా అవుననే అనుకున్నారు. ఆహారం చిక్కగా ఉంటే పేగులోకి నీళ్లు లాగుతుంది, కాబట్టి మొదటి రోజుల్లో నీళ్లు కలిపి పలుచన చేసి పోయాలి అన్నది ఆస్పత్రుల పద్ధతి. అంటే మేము చేసింది పాత పుస్తకంలో ఉన్నదే. 1984లో లండన్‌లో కియోహేన్ అనే డాక్టరు, తోటివాళ్లు దాన్ని పరీక్షించారు. పలుచన చేసి మొదలుపెట్టినందువల్ల విరేచనాలు తగ్గలేదు, రోగికి అందే తిండి మాత్రం తగ్గింది. విరేచనాలకు సంబంధం కనిపించింది యాంటీబయాటిక్ మందులతో.

1990లో అమెరికాలో ఎడెస్ అనే డాక్టరు, తోటివాళ్లు గొట్టంతో తింటున్న 123 మందిని చూశారు. 32 మందికి విరేచనాలు పట్టాయి. వాళ్లలో 29 మందికి కారణం ఇదీ అని తేలింది. అందులో ఆహారం కారణమైంది 21 శాతం మందికే. మందులు కారణమైంది 61 శాతం మందికి. ఆ మందుల్లో ఎక్కువ సార్బిటాల్ అనే తీపి కలిపిన సిరప్‌లు. మింగలేనివాడికి మాత్ర కంటే సిరప్ సులువు అని ఇస్తాము. ఆ తీపి పేగులో సరిగ్గా పీల్చబడక నీళ్లు లాగుతుంది, అదే విరేచనం. మిగిలిన 17 శాతం మందికి క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే క్రిమి. యాంటీబయాటిక్ మందులు పేగులోని మంచి క్రిములను తుడిచేస్తే ఖాళీ అయిన తావులో ఇది పెరుగుతుంది. ఈ సంబంధాన్ని 1978లోనే గుర్తించారు.

ఆ అమ్మాయి మందుల చీటీ ఎందుకు అడిగిందో ఇప్పుడు అర్థమయింది కదా. మేము పాలను నిందించాము. దోషి సిరప్ సీసాలో ఉంది.

ఇంకో భయం, కడుపులో నిలిచిపోయేది. సిరంజితో లాగితే ముందు పోసింది కొంచెం వస్తే చాలు, తరువాతి పూట ఆపేసేవాళ్లు. 2010లో స్పెయినులో ఒక పరిశోధన ఆ హద్దును 200 మిల్లీలీటర్ల నుంచి 500కు పెంచి చూసింది. కీడు పెరగలేదు, తిండి ఎక్కువ అందింది. 2013లో ఫ్రాన్సులో తొమ్మిది ఐసీయూల్లో, శ్వాసయంత్రం మీద ఉన్న 449 మందిలో సగం మందికి ఆ లాగి చూడడమే మానేశారు, వాంతి అవుతుందా అని మాత్రం కనిపెట్టారు. న్యుమోనియా పెరగలేదు. అయితే ఇది చదివి మనంతట మనం ఏదీ మానకూడదు. ఏ రోగికి ఏ హద్దు అన్నది డాక్టరు చెప్పాలి.

నిలిచిపోయే లెక్క కంటే గట్టిగా తేలింది తల ఎత్తు సంగతి. 1999లో బార్సిలోనాలో శ్వాసయంత్రం మీద ఉన్న 86 మందిని రెండుగా చేశారు. వెల్లకిలా పడుకున్నవాళ్లలో 34 శాతం మందికి న్యుమోనియా అనుమానం వచ్చింది. తల వైపు 45 డిగ్రీలు ఎత్తి పెట్టినవాళ్లలో 8 శాతం మందికే. దీనికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. మంచం తిప్పే పిడి, లేదంటే రెండు దిండ్లు. దుప్పటి మార్చేదానికి తిండి పోసిన వెంటనే పడుకోబెట్టకూడదన్న మాట మాకు ఆ రోజుల్లో ఎవరో చెప్పే ఉంటారు. చెవిన పడలేదు.

మలబద్ధకం గురించి కూడా ఒక మాట. విరేచనాలకు అందరూ గోల చేస్తారు, నాలుగు రోజులు కాకపోతే ఎవరూ చూడరు. నీళ్లు చాలకపోవడం, పీచు లేకపోవడం, కదలిక లేకపోవడం, కొన్ని నొప్పి మందులు, ఇవన్నీ కారణాలు. తిండితోపాటు నీళ్లు ఎంత పోయాలో అడిగి రాసుకోండి.

అట్లాగే చాలా రోజులు పస్తున్న మనిషికి ఒక్కసారిగా నిండుగా పెట్టినా ప్రమాదమే, రక్తంలోని లవణాలు తారుమారై గుండెకు ముప్పు వస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఆకలికి ఎండినవాళ్లకు తిండి దొరికిన తర్వాత ఇది జరిగింది. అందుకే మా పెద్దాయనకు మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఆ అమ్మాయి రక్తపరీక్షలు చేయించి, రెండు మూడు రోజుల్లో మెట్టు మెట్టుగా పెంచి నిండు లెక్కకు తెచ్చింది. ఆకలి పెట్టడం సులువు, దాన్ని తీర్చేదానికే ఇంత జాగ్రత్త కావాలి.

కాబట్టి ఫోను చేసిన ముగ్గురికీ, రేపు చేయబోయేవాళ్లకూ మేము చెప్పేది ఇంతే. విరేచనం అయితే దాచకండి, మీరే ఆపకండి, మీరే నీళ్లు కలపకండి. ఎన్నిసార్లు, ఎట్లా అయిందో కాగితం మీద రాసి చూపించండి. మందుల చీటీలో సిరప్‌లు ఏవి ఉన్నాయో డాక్టరును అడగండి. రక్తం, జ్వరం, వాంతి, పొట్ట ఉబ్బి గట్టిపడడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా పిలవండి. పోయనిది పోసినట్టు ఎన్నడూ చెప్పకండి. లంఖణం మంచిదే, అది తిని అరగనివాడికి. నోరు లేనివాడి తరఫున మనం లంఖణం చేయించకూడదు.

పెద్దాయన ఇంటికి వచ్చారు. మింగే అభ్యాసాలు చేయించారు, నాలుగో నెలలో గొట్టం తీశారు. ఇప్పుడు మెత్తటి రసం అన్నం తింటున్నారు. మాట ఇంకా ముద్దగానే వస్తుంది, అయినా వస్తుంది. ఉగాదికి మేము ఆరుగురం చూసేదానికి పోయాము. ఆ అయిదు రోజుల సంగతి మేమే ఎత్తి, మన్నించమని అడిగాము. ఆయన చాలాసేపు మా వైపు చూసి అన్నారు:

"ఆకలేసిందిరా. చెప్పేదానికి నోరు రాలేదు."

మేము ఏమీ అనలేకపోయాము. ఆయనే ఎడమ చేత్తో పళ్లెం మా వైపు జరిపి, "తినండి" అన్నారు.